కొమ్మకొమ్మకూ ఓ మత్తడి

వానాకాలంలో మేడ్చల్, శామీర్‌పేట వైపు కుంటలు నిండడం చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. మత్తడి ఎత్తుకు చేరేదాకా నీళ్లు కుంటలోనే ఆగుతాయి. ఆ ఎత్తు దాటితే మత్తడి దుంకి కింది చెరువుకు పోతాయి. ఎప్పుడు దుంకాలో ఏ కుంట లెక్క దానిదే. మన మెదడులోని నాడీకణమూ ఇలాంటి గొలుసుకట్టే. చెట్టు కొమ్మల్లా చీలే దాని డెండ్రైట్ల మీదికి వేలాది సినాప్సుల ద్వారా ఇతర కణాల సంకేతాలు చేరుతుంటాయి. 1943లో మెక్‌కలక్, పిట్స్ ఇచ్చిన గణిత నమూనాలో ఈ కొమ్మలకు పనే లేదు. వచ్చినవన్నీ ఒకేచోట కూడి, మొత్తం హద్దు దాటితే కణం బదులిస్తుంది. అంటే కొమ్మలు వట్టి కాలువలు. ఇప్పుడున్న సాక్ష్యాలు మాత్రం అవి మత్తడి ఉన్న కుంటలని చెబుతున్నాయి.

2004లో పోల్స్కీ, మెల్, షిల్లర్ ఎలుక మెదడు ముక్కల్లో దీన్ని నేరుగా పరీక్షించారు. రెండు సంకేతాలు వేర్వేరు కొమ్మలకు అందితే ఫలితం మామూలు కూడికే. అవి ఒకే కొమ్మ మీద దగ్గరగా పడి హద్దు దాటితే ఫలితం కూడికను మించిపోయింది. ఇందుకు కారణం సినాప్సుల్లో అయాన్లకు దారినిచ్చే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు. మామూలు వేళ మెగ్నీషియం అయాన్ వాటి దారికి బిరడాలా అడ్డుపడి ఉంటుంది. పక్కపక్క సినాప్సులు ఒకేసారి పనిచేసి అక్కడి వోల్టేజీ పెరిగితే ఆ బిరడా ఊడుతుంది. సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి, వోల్టేజీ ఇంకా పెరుగుతుంది, మరిన్ని బిరడాలు ఊడతాయి. అలా ఆ కొమ్మ వరకే ఓ విద్యుత్ కెరటం లేస్తుంది.

ఎన్ని కొమ్మలున్నా చివరికి బయటికి పోయే ఆక్సాన్ ఒకటే కదా, కొమ్మల లెక్కతో ఏం ఒరుగుతుందని అడగవచ్చు. మేడమెట్ల దీపానికి కింద ఒకటి, పైన ఒకటి స్విచ్ ఉంటాయి. ఏదో ఒకటి మారిస్తే దీపం వెలుగుతుంది, రెండూ మారిస్తే ఆరిపోతుంది. 1943 నమూనాలో ఒక్క కణం వల్ల ఈ లెక్క కాదు. శస్త్రచికిత్సలో తీసిన మనిషి మెదడు కణజాలాన్ని గిడాన్, లార్కమ్ బృందం పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రకటించింది. ఉద్దీపన హద్దుకు సరిపడినప్పుడు బలంగా లేచి, అంతకు మించితే అణగిపోయే కాల్షియం కెరటాలు కొమ్మల్లో కనిపించాయి. అలాంటి కొమ్మ ఆ దీపం లెక్కను ఒంటరిగా చేయగలదని వారి నమూనా చూపింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. మెలకువగా ఉన్న ఎలుకల్లో కొమ్మల చురుకుదనం చాలావరకు కణదేహంతో కలిసే నడుస్తుందని 2019 నాటి పరిశీలనలు తేల్చాయి. అది నిజమే. పెద్ద వరదలో కుంటలన్నీ ఏకమైనట్టే ఉంటాయి. అంతమాత్రాన మత్తళ్లు లేవనలేం. ఎలుకలు కొత్త పని నేర్చుకునేటప్పుడు ఒకే కణంలోని పైకొమ్మలు, అడుగుకొమ్మలు వేర్వేరు నియమాలతో సినాప్సులను బలపరచుకుంటున్నాయని 2025లో కొమియామా బృందం చూపింది. కాబట్టి కొమ్మలది పూర్తి స్వేచ్ఛ కాదు, సొంత నిర్ణయమున్న ఉమ్మడి బతుకు.

శామీర్‌పేటలో 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణంలోనో, మరోచోటో కృత్రిమ మేధ చదివే విద్యార్థులు కొమ్మల ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. మెదడు వల్కలంలోని ఒకే ఒక్క కణాన్ని అనుకరించడానికి 2021లో బెనియాగేవ్, సెగెవ్, లండన్‌లకు 5 నుంచి 8 పొరల కృత్రిమ నెట్‌వర్క్ కావలసి వచ్చింది.