పొగగొట్టమునుండి భూగర్భమునకు

సున్నపుతేటలోనికి ఒక గొట్టముద్వారా నోటితో ఊదినచో, అది కొద్దిసేపటిలోనే పాలవలె తెల్లబడును. ఈ ప్రయోగమును చూడని ఉన్నతపాఠశాల విద్యార్థి యుండడు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, నీటిలో కరిగియున్న సున్నముతో కలిసి సుద్దగా మారుటయే దీనికి కారణము. కంటికి కనబడని వాయువు కంటికి కనబడు రాతిపొడియైనది. నేడు పలుదేశములలో ఇంజనీరులు చేయుచున్న ఒక పెద్ద ప్రయత్నమునకు సంబంధించిన రసాయనశాస్త్రము ఈ చిన్న గాజుపాత్రలోనే యున్నది.

ఆ ప్రయత్నము ఎందుకు అవసరమైనదో ముందుగా చూతము. 12 పాళ్ళ కర్బనము మండునపుడు 32 పాళ్ళ ఆమ్లజనితో కలిసి 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు నిచ్చును. కావున ఒక టన్ను కర్బనము మండిన, దాదాపు 3.67 టన్నుల వాయువు గాలిలో కలియును. పారిశ్రామిక విప్లవమునకు పూర్వము గాలిలో ప్రతి పదిలక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళుండిన ఈ వాయువు 2024 నాటికి 420 పాళ్ళను దాటినది. భూమినుండి పైకి పోవలసిన వేడిని కొంత ఇది అడ్డగించును. భూగోళము వేడెక్కుటకు ఇది ముఖ్యకారణము. అట్లయిన, ఈ వాయువును పొగగొట్టము దాటకముందే పట్టి భూమిలోపల దాచలేమా?

పట్టుట ఎట్లు?

బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రపు పొగలో నూటికి 12 మొదలు 15 పాళ్ళు మాత్రమే ఈ వాయువుండును. మిగిలినదానిలో అధికభాగము నత్రజని. ఈ గుంపులోనుండి కావలసినదానిని ఏరుటయే మొదటి కష్టము. అందుకు అమైనులను రసాయనములను నీటిలో కలిపి వాడుదురు. ఈ పద్ధతికి అమెరికాలో 1930లోనే పేటెంటు లభించినది.

గోలీసోడాను ఎండలో ఉంచి తెరచినచో వాయువు బుసబుస పొంగిపోవును. చల్లగానున్న సోడాలో అది చాలసేపు నిలుచును. అమైను ద్రావణపు పనియు కొంత ఇట్టిదే. అయితే ఇక్కడ వాయువు ఊరక కరగియుండక రసాయనబంధముచే పట్టుబడును. సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడువద్ద ద్రావణము వాయువును పట్టుకొనును. దానిని 120 డిగ్రీల వరకు కాచిన, వాయువును విడిచి మరల పనికి సిద్ధమగును. కాని కాచుటకు ఆవిరి కావలెను. ఆ ఆవిరి విద్యుత్తును పుట్టించవలసిన ఆవిరియే. అనగా వాయువును పట్టుటకే కేంద్రము తన శక్తిలో పెద్దభాగమును వెచ్చించవలసివచ్చును. ఈ విద్య ఖరీదైనదగుటకు ఇదియే ప్రధానకారణము.

సముద్రము క్రింద ఇసుకరాయి

పట్టిన వాయువును ఎక్కడ దాచవలెను? దీనికి మొదటి గొప్ప ఉదాహరణము నార్వేదేశపు స్లైప్నర్. ఉత్తరసముద్రము నడుమనున్న ఈ క్షేత్రమునుండి వచ్చు సహజవాయువులో నూటికి సుమారు 9 పాళ్ళు బొగ్గుపులుసు వాయువుండెను. 2.5 పాళ్ళకు మించియున్న సరకును కొనువారు లేరు. తీసివేసినదానిని గాలిలోనికి వదలుదమన్న, నార్వే ప్రభుత్వము 1991లో అట్టి వాయువుపై పన్ను విధించినది. అందుచే 1996 మొదలు ఆ వాయువును సముద్రపుటడుగునకు 800 మీటర్లకు పైగా లోతుననున్న ఉట్సిరా అను ఇసుకరాతి పొరలోనికి ఎక్కించసాగిరి.

ఇసుకరాయి చూచుటకు గట్టిదైనను, దాని రేణువుల నడుమ సూక్ష్మమైన సందులుండును. ఉట్సిరాలోని ఆ సందులలో ఉప్పునీరున్నది. అంత లోతున గల ఒత్తిడికి వాయువు ద్రవమువలె చిక్కనై, భూమిపైని ఘనపరిమాణములో మూడువందలవ వంతుకంటె తక్కువ చోటులో ఇమిడిపోవును. ఇది నీటికంటె తేలిక గనుక పైకి పోజూచును. కాని పైన వందల మీటర్ల మందముగల షేలు అను బంకమట్టిరాయి బిరడావలె మూసియున్నది. కాలక్రమమున వాయువు ఉప్పునీటిలో కొంత కరగును. మరికొంత సందులలో చిక్కుకొనును. ఏటా దాదాపు పదిలక్షల టన్నుల చొప్పున ఎన్నో సంవత్సరములు ఇక్కడ వాయువును దాచిరి. ధ్వనితరంగములను క్రిందికి పంపి, వాటి ప్రతిధ్వనులనుబట్టి అది ఎంతవరకు వ్యాపించినదో చిత్రములు తీయుచున్నారు. అది తొమ్మిది పొరలుగా పరచుకొన్నను, పైని బిరడాను దాటినట్లు కనబడలేదు.

వాయువు రాయియగుట

ఐస్‌లాండులో మరొక మార్గమును తొక్కిరి. హెల్లిషెయిడి అను భూతాప విద్యుత్కేంద్రమువద్ద 2012లో బొగ్గుపులుసు వాయువును నీటిలో కరగించి బసాల్టు అను నల్లరాతి పొరలలోనికి పంపిరి. ఆ సోడానీరు రాతిలోని కాల్షియము, మెగ్నీషియము, ఇనుములను కొంతకొంత కరగించెను. అవి వాయువుతో కలిసి కార్బొనేటు ఖనిజములయ్యెను. ఇట్లగుటకు వందలయేండ్లు పట్టునని పూర్వము తలచెడివారు. కాని రెండేండ్లలోపుననే నూటికి 95 పాళ్ళకుపైగా రాయియైనదని 2016లో ప్రకటించిరి. ఇది మన సున్నపుతేట ప్రయోగమునకు పెద్దన్న! రాయియైనది తిరిగి పారిపోదు. అయితే ఒక టన్ను వాయువునకు సుమారు 25 టన్నుల నీరు కావలెను. నీటికరవు గల దేశములు ఈ మాటను మరువరాదు.

విఫలములును పాఠములే

అన్నిచోట్ల కథ ఇంత సుఖముగా నడువలేదు. నార్వేలోనే స్నోవిట్ అనుచోట 2008లో పని మొదలుపెట్టగా, రాతిపొరలో ఒత్తిడి అనుకొన్నదానికంటె త్వరగా పెరిగినది. 2011లో వేరొక పొరకు మారవలసివచ్చెను. కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు విద్యుత్కేంద్రము 2014లో ఏటికి పదిలక్షల టన్నులు పట్టు ఉద్దేశముతో ప్రారంభమైనను, పలుసంవత్సరములు ఆ మేరను అందుకొనలేదు. 2019లో పని ప్రారంభించిన ఆస్ట్రేలియాలోని గోర్గన్‌దియు ఇదే అనుభవము. అమెరికాలో సటార్షియా గ్రామమువద్ద 2020లో ఈ వాయువును తీసుకొనిపోవు గొట్టము పగిలి, పలువురు ఆసుపత్రి పాలైరి. ఇది గాలికంటె బరువు. పల్లమున చేరి ప్రాణవాయువును తరిమివేయును. మరియొక మాట: పట్టిన వాయువులో పెద్దభాగమును ఇంతవరకు పాత బావులలో మిగిలిన చమురును పైకి తోయుటకే వాడిరి. ఆ చమురు మండి మరల అదే వాయువు నిచ్చును.

ఇక లెక్క చూతము. ప్రపంచములోని యంత్రములన్నియు కలిసి ఏటికి పట్టగలది సుమారు 5 కోట్ల టన్నులు. బొగ్గు, చమురు, సహజవాయువుల వాడుకచే వెలువడునది ఏటికి సుమారు 3,700 కోట్ల టన్నులు. అప్పు రూపాయి కాగా తీర్చినది పైసాలో ఏడవవంతు మాత్రమే!

ఐనను ఈ విద్యను త్రోసిపుచ్చరాదు. విద్యుత్తునకు ఎండ, గాలి ఉన్నవి. సిమెంటు సంగతి అట్లు కాదు. సున్నపురాయిని కాల్చిననే సిమెంటు. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాల్చిన 44 కిలోల వాయువు రాక తప్పదు. పొయ్యిలో బొగ్గు మాన్పించినను రాతిలోని వాయువును మాన్పింపలేము. అందుచేతనే నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారమున 2025లో ఏటికి 4 లక్షల టన్నులు పట్టు యంత్రమును నెలకొల్పిరి. ఆ వాయువును ఓడలలో తీసుకొనిపోయి, సముద్రపుటడుగునకు 2,600 మీటర్ల లోతున దాచుచున్నారు.

ఈ విషయము మనకును దూరము కాదు. పల్నాడు, నల్లగొండ ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు పెక్కు కలవు. దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాయి ఐస్‌లాండు రాతివలెనే బసాల్టు. దాని అంచులు తెలంగాణపు ఉత్తర, పశ్చిమ భాగములవరకు వ్యాపించియున్నవి. అందు వాయువును దాచుటకు వీలగునాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించియున్నారు.

ఈసారి తరగతిలో సున్నపుతేట తెల్లబడినపుడు, ఉపాధ్యాయులు విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవచ్చును: ఒక ఊపిరిని పట్టుటకు ఇంత సున్నము పట్టినచో, ఒక పొగగొట్టమును పట్టుటకు ఎంత కావలెను? ఆ లెక్క వేసిన విద్యార్థి, వాయువును పట్టుటకంటె పుట్టకుండ చూచుకొనుటయే చౌకయని తానే గ్రహించును. తప్పనిసరిగా పుట్టుదానికొరకు మాత్రము ఈ విద్య మనకు కావలసియే యున్నది.