విద్యుత్ మూర్ఛ చికిత్స: మెదడులో జరిగేదేమిటి?

విజయనగరం ప్రాంతంలో ఎవరికైనా మతి చలించిందంటే చినవాల్తేరు ఆసుపత్రి మాట వస్తుంది. వెంటనే “అక్కడ కరెంటు పెడతారట” అన్న భయమూ వస్తుంది. ఆ భయంతో వైద్యం ఆలస్యమయ్యే కుటుంబాలున్నాయి. కాబట్టి ఈ చికిత్సలో మెదడుకు ఏమవుతుందో తెలుసుకోవడం అవసరం.

మూర్ఛవ్యాధి ఉన్నచోట స్కిజోఫ్రేనియా ఉండదని 1934లో హంగరీ వైద్యుడు మెడూనా తలచాడు. మందులతో రోగులకు మూర్ఛ తెప్పించాడు. అతని ఊహ తప్పు. కాని కొందరికి నయమయింది. 1938లో రోమునగరంలో చెర్లెట్టి, బీని అనే వైద్యులు మందుకు బదులు విద్యుత్తు వాడారు. అంటే గుణమిచ్చేది షాకు కాదు, దానివల్ల పుట్టే మూర్ఛ.

సిరిమానోత్సవం నాడు గుంపులో ఎవరి మాట వారిది. సిరిమాను కదలగానే అందరూ ఒక్కసారి కేక వేస్తారు. మూర్ఛలో నాడీకణాలూ అంతే. మెదడు విద్యుత్తరంగాలను గీసే యంత్రంపై మొదట వాడి గీతలు, పిదప పెద్ద పెద్ద నిదానపు అలలు కనిపిస్తాయి. సాధారణంగా ఒక నిమిషం లోపల అవి ఆగి, గీత దాదాపు చదునవుతుంది. మెదడే తన నిరోధక శక్తితో మూర్ఛను అణచింది!

చికిత్స వారానికి రెండు మూడుసార్లు సాగేకొద్దీ, మూర్ఛ కలిగించడానికి సాధారణంగా మరింత విద్యుత్తు కావలసివస్తుంది. నిరోధక శక్తి పెరిగిందనడానికి ఇదొక నిదర్శనం. విడి రోజులలో కూడా నెమ్మది తరంగాలు, ముఖ్యంగా మెదడు ముందుభాగంలో, హెచ్చుతాయి. కొన్ని వారాలకో నెలలకో తగ్గిపోతాయి. ఈ మార్పులలో రోగాన్ని తగ్గించేది ఏదో శాస్త్రం ఇంకా తేల్చలేదు.

స్కిజోఫ్రేనియాకు మొదటి వైద్యం మందులే. అవి పనిచేయనప్పుడు ఈ చికిత్స అక్కరకు వస్తుంది. 2015లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, క్లోజపైన్ మందుకు లొంగని 39 మందిలో 20 మందికి మందుతోపాటు ఈ చికిత్స కూడా ఇచ్చారు. 8 వారాలలో వారిలో సగం మంది చెప్పుకోదగినంత మెరుగయ్యారు. మందు మాత్రమే వాడిన 19 మందిలో ఒక్కరూ కాలేదు.

చికిత్స తర్వాత కొందరికి ఆ రోజుల సంగతులు గుర్తుండవు. కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు కూడా. అది దాచకూడదు. అయితే ఇది శిక్ష కాదు. మత్తుమందూ, కండరాలను సడలించే మందూ లేకుండా ఈ చికిత్స చేయడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. రోగి నిద్రలో ఉంటాడు; తుఫాను మెదడులో, శరీరంలో స్వల్పమైన కదలిక మాత్రమే. ఈ సంగతి తరగతిలో ఒక్క విద్యార్థికి తెలిసినా, ఒక ఇంటి భయం కొంత తగ్గుతుంది.