కొనే ముందు స్కేలు పెట్టి చూడండి

సెలవులకు మా బళ్ళారి వైపు వచ్చే బంధువులు హంపీ, దరోజీ చూసి వెళ్తూ నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ లెన్సు కొనమంటారు?" (2021లో హంపీ కొత్త విజయనగర జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా నోట్లో ఇంకా బళ్ళారి హంపీయే.) నేను తిరిగి వాళ్ళనే అడుగుతాను: "మీరు తీయబోయేది ఎంత ఉంటుంది? ఎంత దూరంలో ఉంటుంది?" ఈ రెండూ తేల్చుకోకుండా అంగడికి వెళ్తే, అంగడివాడు చేతికిచ్చిందే లెన్సు.

ముందు దూరం సంగతి. దరోజీని 1994లో ఎలుగుబంట్ల అభయారణ్యంగా ప్రకటించారు. మధ్యాహ్నం అటవీ సిబ్బంది బండలకు బెల్లం ముద్ద పూసి వస్తే, ఎలుగులు మెల్లగా దిగివస్తాయి. మనం ఎదురుగా ఉన్న కావలి గోపురం మీది నుంచి చూడాలి. మీటరున్నర పొడుగు ఎలుగు వంద మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆ పొడుగును లెన్సు ఫోకల్ లెంగ్తుతో హెచ్చించి దూరంతో భాగిస్తే, 300 మి.మీ. లెన్సుతో సెన్సారు మీద పడే బొమ్మ నాలుగున్నర మిల్లీమీటర్లు. మనలో చాలామంది కొనే కెమెరాల్లో సెన్సారు వెడల్పు సుమారు 24 మి.మీ. అంటే ఎలుగు ఫోటోలో అయిదో వంతు కూడా రాదు. కెమెరాతో వచ్చే 18-55 లెన్సుతోనైతే అది ఎలుగో నల్లరాయో పక్కన రాసి పెట్టాల్సిందే!

అంకె పెద్దదైతే చాలదు, వెలుతురూ కావాలి. ఎలుగులు బాగా కనిపించేది పొద్దు వాలేటప్పుడు. ఎఫ్/2.8 లెన్సు ఎఫ్/5.6 కంటే నాలుగు రెట్లు వెలుతురు లోపలికి తీసుకుంటుంది. ధర, బరువు కూడా ఆ లెక్కలోనే పెరుగుతాయి. 300 లెన్సును చేత్తో పట్టుకుని తీయాలంటే ఈ కెమెరాల్లో షట్టరు సెకనులో 450వ వంతైనా ఉండాలి. లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే ఇంకా నెమ్మదిగానైనా తీయవచ్చు. అయితే అది మన చేతి వణుకును ఆపుతుంది గానీ ఎలుగు కదలికను ఆపదు. ఇక మా ఎండలో మిట్టమధ్యాహ్నం బండల మీద గాలే సెగలై ఆడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన టెలీఫోటో అయినా బొమ్మ మసకే.

దగ్గరి సంగతి మా ఇంట్లోనే వచ్చింది. మేనకోడలు సండూరు లంబాణీ కుట్టుపని బట్టలు అమ్ముతుంది. కుట్టు స్పష్టంగా కనిపించకపోతే దూరాన ఉన్నవాళ్ళు కొనరు. మేనల్లుడికేమో ఎలుగులు కావాలి. బావగారు ఇస్తానన్నది ఒక్క లెన్సుకే. "ఈ 70-300 మీద మాక్రో అని రాసుంది మామా, రెండు పనులూ అవుతాయంట" అన్నాడు వాడు. వాడి జామెట్రీ పెట్టెలోని పాత స్కేలు తీసుకుని అంగడికి వెళ్ళాం.

పరీక్ష ఇంతే. లెన్సు ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో అంత దగ్గరగా స్కేలును ఫోటో తీయండి. 24 మి.మీ. సెన్సారులో స్కేలు 24 గీతలే అడ్డంగా నిండితే అది అసలైన మాక్రో, అంటే ఒకటికి ఒకటి. మాకు 48 కనిపించాయి. అంటే సగమే. అద్దాల పట్టీ మొత్తం తీయడానికి అది చాలు. సెంటీమీటరు అద్దం చుట్టూ ఉన్న దారం పోగులు చూపాలంటే చాలదు.

అసలు మాక్రోల్లోనూ 60 మి.మీ.ది అయితే బొమ్మ పూర్తి సైజు రావడానికి బట్టకూ లెన్సుకూ మధ్య నాలుగు వేళ్ళ సందే ఉంటుంది. మన నీడే బట్ట మీద పడుతుంది. 100 మి.మీ.దైతే జానెడుకు కొంచెం తక్కువ. సీతాకోకచిలుకకైనా ఇదే మేలు. అంత దగ్గరలో ఎఫ్/8 పెట్టినా స్పష్టంగా ఉండేది ఒక మిల్లీమీటరు మందమే కనుక స్టాండు తప్పదు. డబ్బు లేనివాళ్ళు ఉన్న 50 మి.మీ. లెన్సుకు, కెమెరాకు మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులు బిగించుకోవచ్చు. ట్యూబులు మొత్తం 50 మి.మీ. అయితే బొమ్మ ఒకటికి ఒకటి వస్తుంది.

సంపాదించి పెట్టేది గనుక 100 మాక్రోనే కొన్నాం. మేనల్లుడు రెండు రోజులు మూతి ముడుచుకుని, తర్వాత బెంగళూరులో పెద్ద టెలీఫోటో అద్దెకు తెచ్చుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు ఎలుగుల్ని చూసేవాళ్ళకు నా ఓటు అద్దెకే.

వాడిన లెన్సు కొంటుంటే వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులుంటే బూజు పట్టినట్టే. ఎంత చవకైనా వదిలేయండి. ఇక సండూరు దారిలో ఇనుపరాయి లారీల ఎర్రదుమ్ము లేస్తున్నప్పుడు మాత్రం లెన్సు మార్చకండి. కారు అద్దాలు ఎత్తి, లోపల కూర్చుని మార్చండి.