కుక్క తోక కోసం తిరుగుతూనే ఉంటే?

కుక్క తన తోక కోసం గిరగిరా తిరిగే రీల్ కనబడితే మనం నవ్వి లైక్ కొట్టేస్తాం. పామర్రు నుంచి ఒక తమ్ముడు పంపిన వీడియోలో మాత్రం జర్మన్ షెపర్డ్ పిలిచినా ఆగట్లేదు, అన్నం గిన్నె పెట్టినా ఆగట్లేదు. అది ఆట కాదు. కంపల్సివ్ డిజార్డర్ కావచ్చు.

కొన్ని కుక్కలు ముందుకాలిని పుండు పడేదాకా నాకుతాయి. డాబర్‌మన్లయితే డొక్క చర్మాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తాయి. ఆ అలవాటుకీ ఒక జన్యువుకీ సంబంధం ఉందని 2010లో అమెరికా పరిశోధకులు చెప్పారు. కాబట్టి తప్పంతా పెంచినవాళ్ళదే అనడానికి లేదు.

ముందు ఒళ్ళు చూపించాలి. పిడుదులు, చెవిపోటు, కీళ్ళ నొప్పి, మూర్ఛ... వీటివల్లా ఇలా చేస్తాయి. మనకి గుడివాడ మీదుగా వెళ్తే గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది.

ఇక ఇంట్లో. రోజంతా గొలుసుకి కట్టేస్తే ఏ మందూ పనిచెయ్యదు, ఇది నా గట్టి అభిప్రాయం. ఏ టైంకి మొదలెడుతుందో రాసుకోండి. ఆ టైంకి ముందే కాలవగట్టు మీద నడిపించండి, తువ్వాల్లో బిస్కెట్ ముక్కలు చుట్టి వెతకమనండి. కొడితే భయం పెరిగి ఇంకా తిరుగుతుంది. నవ్వుతూ వీడియో తీసినా దానికి బహుమతే! లేజర్ లైట్ ఆటలు అసలొద్దు, తర్వాత నీడల వెంట పడతాయి.

ఫ్లూఆక్సెటీన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు మనుషుల ఓసీడీకి వాడేవే. కానీ మోతాదు డాక్టరే చెప్పాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపెయ్యకండి. వెళ్ళేటప్పుడు ఒక్క వీడియో ఫోన్లో ఉంచుకోండి, డాక్టర్ ముందు అది బుద్ధిగా కూర్చుంటుంది మరి.