'జీతం' అన్న మాటను చట్టం ఎట్లా చదివింది?

పోచంపాడ్ చుట్టుపక్కల ఇప్పుడు జీతమంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు. మాల, మాదిగ వాడల్లో పెద్దవాళ్ళకు మాత్రం ఆ మాట వేరేగా తెలుసు. 'జీతముండుడు' అంటే తెచ్చిన అప్పు కింద ఆసామి ఇంట్లో ఏడాదంతా చాకిరీ చేయడం. తండ్రి అప్పు తీరకపోతే కొడుకు జీతానికి పోయేవాడు. నిజాం రాజ్యంలో ఇదే పద్ధతికి భగేలా అనే పేరుండేది.

1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టం ఈ మాటలను వదిలిపెట్టలేదు. రెండో సెక్షన్ వివరణలో దేశంలోని వెట్టి పద్ధతుల పేర్ల జాబితా ఉంది. అందులో జీత, భగేలా, పాలేరు, వెట్టి నాలుగూ ఉన్నాయి. కాబట్టి "ఇది వెట్టి కాదు, మా ఊరి ఆనవాయితీ" అనే వాదన చట్టం ముందు నిలవదు.

అదే సెక్షన్‌లో మనవాళ్ళు తక్కువగా వాడుకునే మాట ఇంకొకటి ఉంది. వెట్టికి అప్పే కారణం కానక్కర్లేదు. ఫలానా కులంలో పుట్టినందుకు చేయాల్సి వచ్చిన చాకిరీ కూడా ఈ నిర్వచనం కిందికి వస్తుంది. కూలి నామమాత్రంగా ఇవ్వడం, వేరేచోట పనికి పోనివ్వకపోవడం, ఊరు దాటనివ్వకపోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా చాలు. దళితులతో, ఆదివాసులతో ఇట్లాంటి చాకిరీ చేయించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరమే. ఫిర్యాదులో రెండు చట్టాలనూ రాయించాలి.

అయినా మేము మాట్లాడిన కార్యకర్తలందరూ చెప్పేది ఒకటే: అధికారులు మొదట అడిగేది అప్పు కాగితం. చట్టం చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. 15వ సెక్షన్ ప్రకారం, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకున్న పని 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో, ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. నిర్బంధంగా పని చేయిస్తున్నట్టు తేలితే, దాని వెనక ముందస్తు డబ్బు ఉన్నట్టే భావించాలంది.

ముందస్తు డబ్బు రూపం మారింది, అంతే. బోధన్ నుంచి సరిహద్దు దాటితే మహారాష్ట్ర. అక్కడి చెరకు కోతల్లో ముఠా మేస్త్రీ భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక 'కోయతా'గా, అంటే ఒక కొడవలిగా లెక్కగట్టి అడ్వాన్సు ఇస్తాడు. మనిషి పేరు కూడా లెక్కలో ఉండదు!

నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళది మరో రకం ముడి. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప వసూలు చేయకూడదు. రిజిస్టర్ కాని ఏజెంటుకు ఆ హద్దే లేదు. అప్పు ఊళ్ళో, యజమాని గల్ఫ్‌లో, పాస్‌పోర్టు ఆయన దగ్గర. 1976 చట్టం ఊహించిన ఆసామి ఇక్కడ ఇద్దరుగా చీలిపోయాడు. మోసంతో తీసుకుపోయి దోపిడీ చేస్తే మానవ అక్రమ రవాణా కేసు పెట్టవచ్చు. పాత ఐపీసీలో అది 370, 2024 జూలై నుంచి న్యాయసంహితలో 143. బాధితుడు ఒప్పుకునే పోయాడన్నది అక్కడ చెల్లదు.

మా దృష్టిలో అసలు చిక్కు విడుదల పత్రం దగ్గరుంది. అది చేతికొస్తేనే తక్షణ సాయం దొరుకుతుంది. 2022 నుంచి అది 30,000 రూపాయల వరకు. కేంద్ర పథకంలో పునరావాసం పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షలు. అయితే ఈ పెద్ద మొత్తం చివరికి చేతికందేది న్యాయప్రక్రియలో వెట్టి రుజువయ్యాకే. రుజువు భారం ఆసామిదని చట్టం అంటే, రుజువయ్యేదాకా ఆగమని పథకం కూలీకి చెబుతోంది. ఆ మధ్యకాలంలో తినడానికి మళ్ళీ ఎవరో ఒకరి దగ్గర అప్పు చేయాల్సిందే.