విశాఖపట్నంలో ఒక్క రోజు: బయలుదేరే ముందు ఆలోచించవలసిన సంగతులు

వేసవి సెలవులు రాగానే, మరల క్రిస్మస్ పండుగ అయిపోగానే, మన ఓ.పి.లో ఒక ప్రశ్న తరచుగా వింటూ ఉంటాము. "సిస్టర్, మేమందరం కలిసి వైజాగ్ వెళ్తున్నాము. అమ్మకు షుగర్ ఉంది. తీసుకెళ్లవచ్చా?" మన గోదావరి జిల్లాల నుండి రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగవచ్చు. పగలంతా చూసి రాత్రికి తిరుగు ప్రయాణం కట్టవచ్చు. అందుకే కుటుంబాలు, సంఘంలోని స్త్రీలు, యౌవనస్థులు ఎక్కువగా ఈ ఒక్క రోజు యాత్రనే పెట్టుకుంటారు.

మేము చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. తప్పక తీసుకెళ్లండి. అయితే ఆ రోజు కార్యక్రమం చూడవలసిన స్థలాల లెక్కను బట్టి కాదు, ఎండను బట్టి, మీలో అందరికంటే బలహీనంగా ఉన్నవారిని బట్టి వేసుకోండి.

ఎందుకు ఇలా చెప్తున్నామంటే, ఒక వేసవిలో జరిగిన సంగతి మేము మరువలేదు. చాలాకాలంగా షుగర్ వ్యాధి ఉన్న ఒక పెద్దమ్మగారు కుటుంబంతో వైజాగ్ వెళ్లారు. వారు ఒక్క రోజులో తొమ్మిది స్థలాలు చూడాలని చీటీ రాసుకున్నారు. బీచ్‌కు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యింది. ఆమె చెప్పులు బస్సులోనే ఉండిపోయాయి. వెనక్కి వెళ్లి తెచ్చుకొనే తీరిక ఎవరికీ లేదు. కాలుతున్న ఇసుకలో నీళ్ల వరకు నడిచి, మరల నడిచి వచ్చారు. నొప్పి తెలియలేదు. ఇంటికి వచ్చిన మూడవ రోజున అరికాలిలో పెద్ద బొబ్బ పగిలి చీము పట్టి ఉండగా కోడలు చూసి మన దగ్గరకు తీసుకొచ్చింది. రెండు నెలలు డ్రెస్సింగ్ చేశాము. కాలు దక్కింది. "అంత కాలితే నాకు మంట ఎందుకు పుట్టలేదమ్మా?" అని ఆమె మమ్మల్ని అడిగారు.

చాలాకాలం షుగర్ ఎక్కువగా ఉన్నవారికి పాదాలలోని నరాలు దెబ్బతింటాయి. వేడి, నొప్పి మెదడుకు తెలియజేసేవి ఆ నరాలే. అవి పని చేయకపోతే కాలు కాలుతున్నా మనిషికి తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటుంది కనుక పుండు త్వరగా మానదు. ఆ ఇంట్లో అశ్రద్ధ లేదు, ప్రేమ కొదువ లేదు. తొమ్మిది స్థలాల చీటీయే ఇంత పని చేసింది.

ఏ కాలంలో వెళ్లాలి?

నవంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఏప్రిల్, మే, జూన్ నెలలలో వైజాగ్ ఎండ డిగ్రీలలో చూస్తే విజయవాడ కన్నా తక్కువగానే కనిపిస్తుంది. దానిని చూసి మోసపోకూడదు. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం ప్రక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గాని ఆరదు. నీరు, ఉప్పు మాత్రం ఒంట్లో నుండి పోతూనే ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరనే తీరం దాటి నగరాన్ని ఎంత నష్టపరచిందో మనకు తెలుసు. ఆ నెలలలో వాతావరణ హెచ్చరిక చూడకుండా టిక్కెట్లు కొనవద్దు.

ప్రయాణం సంగతి

పిల్లలు, పెద్దవారు ఉంటే రైలు మేలు. కాళ్లు చాపుకొని పడుకోవచ్చు, బాత్‌రూమ్ ఉంటుంది. బస్సు మాట్లాడుకుంటే ఇద్దరు డ్రైవర్లు ఉండాలని ముందుగానే అడగండి. రాత్రంతా నడిపి, పగలంతా ఊరు తిప్పి, మరల రాత్రి నడిపే మనిషి ఎక్కడో ఒకచోట కునుకు తీస్తాడు. ఆ ఖర్చు మిగుల్చుకోవద్దు.

ఎండను బట్టి ఒక రోజు

తెల్లవారు జామున: స్టేషన్‌లోనే ముఖాలు కడుక్కొని నేరుగా రామకృష్ణా బీచ్‌కు వెళ్లండి. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో నుండే పైకి వస్తాడు. ఆ దృశ్యం ఒక్కటే ప్రయాణపు ఖర్చుకు సరిపోతుంది. ఇసుక చల్లగా ఉంటుంది, గాలి హాయిగా ఉంటుంది. పెద్దవారిని నడిపించవలసినది అప్పుడే.

టిఫిన్ అయిన తరువాత: పాత పట్నంలో హార్బరు దగ్గర రాస్ కొండ ఉంది. పైన మరియమాత దేవాలయం, ప్రక్క కొండలపై దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి. మూడు మతాలవారు మూడు కొండల మీద ఇరుగుపొరుగుగా ఉన్నారు. పైనుండి ఓడలు వచ్చే కాలువ, డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పి ఉన్నవారు నడిచి ఎక్కవద్దు. పది గంటలకల్లా క్రిందికి దిగాలి.

పదకొండు నుండి మూడు వరకు: నీడలో ఉండండి. ఇది మేము గట్టిగా చెప్పే మాట. నాలుగు కుటుంబాలు కలిసి ఒక గది తీసుకుంటే ఒక్కొక్కరికి పెద్ద ఖర్చు కాదు. భోజనం చేసి, పాదాలు కడుక్కొని చూసుకొని, ఒక గంట నడుము వాల్చండి. ఈ నాలుగు గంటలు వృథా అనిపిస్తాయి గాని, సాయంత్రం అందరూ నవ్వుతూ ఉండేది వీటి వల్లనే.

మూడు తరువాత: బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. ఈ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పని చేసి, 2001లో విరమించింది. 2002 నుండి మ్యూజియంగా ఉంది. లోపల దారి ఇరుకు, తలలు వంచి నడవాలి. నడుము నొప్పి ఉన్నవారు, ఇరుకు చోట భయపడేవారు బయటి నుండి చూస్తే చాలు. దాని ఎదురుగానే 2017లో తెరిచిన టీయూ-142 విమానం మ్యూజియం. కురుసురకు సోమవారం సెలవు, మామూలు రోజులలో ఉదయం పూట తెరవరు. ఈ సంగతి ముందే చూసుకొని రోజు ఎంచుకోండి.

సాయంత్రం: కైలాసగిరి. కొండపైకి బస్సు వెళ్తుంది, రోప్‌వే కూడా ఉంది. పైనుండి తీరం వంపు, చీకటి పడ్డాక ఊరి దీపాలు చూసి తిన్నగా స్టేషన్‌కు రండి.

అరకు, బొర్రా గుహలు ఈ రోజులో కలపవద్దు. అరకు వంద కిలోమీటర్ల పైన, ఘాట్ రోడ్డు. జంతు ప్రదర్శనశాల, రుషికొండ, భీమిలి మరొక ప్రయాణానికి ఉంచుకోండి.

సముద్రంతో చనువు వద్దు

రామకృష్ణా బీచ్‌లో ఎందరో యౌవనస్థులు మునిగిపోయారు. వారిలో ఈత వచ్చినవారూ ఉన్నారు. అలలు ఒడ్డుకు తోసిన నీరు ఒక సన్నని దారి చేసుకొని వేగంగా సముద్రంలోకి తిరిగి పోతుంది. ఆ చోట అల విరగదు, నురుగు తక్కువగా ఉంటుంది, చూసేవారికి అదే నెమ్మదైన చోటుగా కనిపిస్తుంది. పిల్లలు అక్కడికే దిగుతారు. అది లాగినప్పుడు ఎదురు ఈదితే అలసి మునిగిపోతారు. నీటి మీద తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు కాక ప్రక్కకు ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి.

కాబట్టి పాదాలు తడిసేవరకే మన హద్దు. ప్రతి ఇద్దరు పిల్లలకు ఒక పెద్దవారిని పేరు పెట్టి అప్పగించండి. "అందరూ చూస్తూనే ఉన్నారు" అన్నచోట ఎవరూ చూడరు. ఒకరు మునుగుతుంటే వెంట దూకవద్దు. మూత బిగించిన ఖాళీ డబ్బా, తాడు, కట్టిన చీరలు విసరండి, గార్డులను పిలవండి. బయటకు తీసినవారిని తలక్రిందులు చేసి పొట్ట నొక్కవద్దు. శ్వాస లేకపోతే వెంటనే నోటి ద్వారా శ్వాస ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించండి.

మందులు వాడేవారికి

షుగర్ వారు: టిఫిన్ ఎదురుగా వచ్చాకనే ఇన్సులిన్ తీసుకోవాలి. "ముందు వేసుకో, దారిలో తిందాం" అంటే షుగర్ పడిపోతుంది. చేతులు వణకడం, చల్లని చెమట, తికమక మాటలు కనిపిస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మరల ఇవ్వండి. తరువాత ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఇన్సులిన్ సీసా తడిగుడ్డ చుట్టి చేతి సంచిలో ఉంచండి. ఎండలో ఆపిన బస్సులో వదిలితే పాడవుతుంది, ఐసుకు తగిలినా పాడవుతుంది. చెప్పులు ఇసుకలో కూడా విప్పవద్దు.

బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవారు దానిని సొంతంగా మానవద్దు. ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో, ఎన్ని నీళ్లు త్రాగవచ్చో ముందుగా డాక్టరు గారిని అడగండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరి నీళ్లు కూడా అడగకుండా ఇవ్వవద్దు.

మూర్ఛ వ్యాధి ఉన్నవారు: రాత్రి నిద్ర చాలకపోయినా, ఒక్క పూట మాత్ర తప్పినా ఫిట్స్ రావచ్చు. వారు నీటిలోకి దిగనే కూడదు.

వడదెబ్బ

తలనొప్పి, వాంతి, కాళ్ల పిక్కలు పట్టడం మొదటి గుర్తులు. నీడకు చేర్చి ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచి నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపండి. స్పూన్లు కొండలా కాక సమంగా ఉండాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది ప్రాణాపాయం. నీళ్లు పోసి విసరుతూనే 108ని పిలవండి. కింగ్ జార్జ్ ఆసుపత్రి, అందరూ కె.జి.హెచ్. అంటారు, బీచ్‌కు దగ్గరలోనే ఉంది.

తిండి విషయంలో భయపెట్టము. వైజాగ్ వెళ్లి ముంత మసాలా తినకుండా ఎవరు వస్తారు? మీ ఎదుట కలిపినది, వేడిగా వేయించినది తినండి. కోసి ఉంచిన పండ్లు, మూత లేని చట్నీ వద్దు. త్రాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి.

ముందురోజు ఒక సంచి

రెండు రోజుల మందులు, డాక్టరు చీటీ, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, చక్కెర, బిస్కట్లు, దూది, బ్యాండేజీ, గొడుగులు, నూలు టవల్. ప్రతి పిల్లవాని జేబులో ఇంటివారి ఫోన్ నంబరు రాసిన కాగితం. తిరిగి వచ్చిన రాత్రి షుగర్ ఉన్నవారి అరికాళ్లు దీపం వెలుగులో చూడండి. చిన్న బొబ్బ కనిపించినా మరుసటి ఉదయమే తీసుకురండి, మూడవ రోజు వరకు ఆగవద్దు.

ఆ పెద్దమ్మగారు గత జనవరిలో మరల వైజాగ్ వెళ్లి వచ్చారు. ఈసారి మూడే స్థలాలు చూశారట. కాళ్లకు మేజోళ్లు, చెప్పులు వేసుకొని, బీచ్‌లో కుర్చీ వేయించుకొని సూర్యోదయం చూశారట. "ఇంతకుముందు వెళ్లాను గాని, సముద్రాన్ని ఇప్పుడే చూశానమ్మా" అన్నారు. మీరు కూడా నిదానంగా చూసి, వెళ్లినవారందరూ క్షేమంగా ఇల్లు చేరాలని కోరుచున్నాము.