తీరగృహములందు ధరావతు

మైపాడు వంటి నెల్లూరు తీరగ్రామములలో విదేశీయులకు కొలది దినములు ఇల్లు అద్దెకిచ్చునపుడు, అద్దె గాక కొంత సొమ్ము ధరావతుగా పుచ్చుకొనుట న్యాయమే. అయితే అది మన రాబడి కాదు. అతిథి మనయొద్ద దాచిన సొమ్ము. 2017 నాటి వస్తుసేవల పన్ను చట్టము సైతము, దానిని బాకీక్రింద జమకట్టుకొనువరకు ప్రతిఫలముగా నెంచదు.

అతిథి వచ్చిన దినముననే సామానుల పట్టిక వ్రాసి, ఇరువురును సంతకములు చేయవలెను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన గొళ్లెము అతిథి చేసిన నష్టము కాదు. దాని స్థితి ముందే పట్టికకు ఎక్కవలెను. అద్దము పగిలినచో దాని వెలయే మినహాయింపవలెను గాని మొత్తము హరింపరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను, వ్రాసికొన్న మొత్తమునకు లోబడి, సమంజసమైన పరిహారమునే అనుమతించుచున్నది.

స్వదేశీయునకు సొమ్ము పిమ్మటనైనను పంపవచ్చును. విదేశీయునకు ఇచట బ్యాంకు ఖాతా సాధారణముగా నుండదు. చెన్నైలో విమానమెక్కిన పిదప అతడు తన మాట చెప్పుకొనుట కష్టము. కావున అతడు బయలుదేరక మునుపే, అతని ఎదుటనే ఇల్లు తనిఖీ చేయవలెను. రూపాయలలో పుచ్చుకొన్నది రూపాయలలోనే, కార్డుద్వారా వచ్చినది ఆ కార్డునకే మరలింపవలెను. మారకపు రేటు నడుమ మారవచ్చునని ముందే తెలుపవలెను. ఏమాత్రము మినహాయించినను లెక్క వ్రాసి రశీదుతో ఈయవలెనని గృహస్థులకు మేము మనవి చేయుచున్నాము.